జవాబు రాని 30 సెకన్లు



2008 డిసెంబరు చివర్లో యూట్యూబ్‌లో ఒక చిన్న వీడియో వచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తున్న బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు సర్వర్ గదిలోకి వెళ్లి, డిస్కులు వరసగా అమర్చి ఉన్న పెట్టె ముందు వంగి, గొంతు చించుకుని అరుస్తాడు. ఆ తర్వాత కంప్యూటర్ తెర చూపిస్తాడు. సరిగ్గా అరిచిన క్షణంలో డిస్కులు జవాబివ్వడానికి తీసుకున్న సమయం గ్రాఫులో చివాలున పైకి లేచి ఉంటుంది. చూసినవాళ్లు నవ్వుకున్నారు. నవ్వుకున్నాక ఆలోచనలో పడ్డారు. డిస్కు చెడిపోలేదు, కేబుల్ ఊడలేదు, సాఫ్ట్‌వేర్ మారలేదు. ఎవరో అరిచారు, జవాబు ఆలస్యమైంది. ఆ ఆలస్యం ఇంకా సాగి ఉంటే సర్వర్ లాగ్‌లో ఒక మాట పడేది: డిస్క్ టైమౌట్.

ఆ మాట వెనకాల ఎన్ని రకాల కారణాలు దాక్కుని ఉంటాయో, వాటిని ఎలా పట్టుకోవాలో ఇవాళ మాట్లాడుకుందాం.

మనలో చాలామందికి ఈ సంగతి ఇంకోవైపు నుంచి తెలుసు. బ్యాంకులోనో, రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనో, ఆసుపత్రి బిల్లు కౌంటర్ దగ్గరో "సర్వర్ డౌన్ అండీ, కాసేపు కూర్చోండి" అంటారు. కూర్చోబెట్టిన ప్రతిసారీ కారణం డిస్కే అనుకోనక్కర్లేదు. నెట్‌వర్కు కావచ్చు, కరెంటు కావచ్చు. కానీ మనం కూర్చున్న ఆ కాసేపూ, ఎక్కడో చల్లటి గదిలో ఒక ప్రోగ్రాం డిస్కును ఏదో అడిగి, జవాబు కోసం అలాగే నిలబడిపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

టైమౌట్ అనేది డిస్కు నోటి నుంచి వచ్చే మాట కాదు. డిస్కును అడిగినవాడు అనే మాట. "ఇంతసేపు చూశాను, జవాబు లేదు, ఇక నావల్ల కాదు" అని. తలుపు తట్టినవాడు విసుగొచ్చి వెళ్లిపోయాడనుకోండి. ఇంట్లో మనుషులు లేరని దానర్థం కాదు. పెరట్లో ఏదో పనిలో ఉండొచ్చు, బెల్లు వైరు తెగి ఉండొచ్చు, గేటుకే తాళం ఉండి అతను అక్కడిదాకా రాలేకపోయి ఉండొచ్చు. లాగ్‌లో ఫలానా డిస్కు అని పేరు కనబడగానే దాన్ని పీకి కొత్తది పెట్టేసేవాళ్లను చూస్తే నాకు కాస్త చిరాకు. చాలాసార్లు దాంతో సమస్య పోతుంది కూడా, అదే అసలు ఇబ్బంది. డిస్కును లాగి ఇంకోటి నెట్టినప్పుడు కనెక్టరు గట్టిగా కూర్చుంటుంది, కొన్నాళ్లు అంతా బాగుంటుంది, "డిస్కు పోయింది, మార్చాం" అని రిపోర్టులో రాసేస్తారు. నెల తిరక్కుండా అదే స్లాట్‌లో కొత్త డిస్కు కూడా "పోతుంది".

అడిగేవాడు ఒక్కడే అయితే ఇంత గొడవ లేదు. అప్లికేషన్ డేటాబేస్‌ను అడుగుతుంది. డేటాబేస్ ఫైల్ సిస్టమ్‌ను, అది ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డిస్కు డ్రైవర్‌ను, అది కంట్రోలర్ కార్డును. అక్కణ్నుంచి కేబుల్, ఆ దారిని చాలా డిస్కులకు పంచే ఎక్స్‌పాండర్, డిస్కులన్నీ గుచ్చుకునే బ్యాక్‌ప్లేన్ బోర్డు, చివరికి డిస్కు. ఈ దారిలో చాలాచోట్ల ఎవరి గడువు వాళ్లకుంది. లినక్స్‌లో మామూలు స్కజీ, సాటా డిస్కులకు ఇచ్చే గడువు 30 సెకన్లు. విండోస్ సర్వర్లలో 60 సెకన్లు ఉంటుంది.

30 సెకన్లు మనకు చిన్న మాట. డిస్కుకు అదో యుగం. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. కావలసిన చోటు సగటున 4 మిల్లీసెకన్లలో, చదివి రాసే హెడ్ కిందికి వచ్చేస్తుంది. హెడ్‌ను సరైన ట్రాక్ మీదికి జరపడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు వేసుకోండి. 30 సెకన్లంటే డిస్కు లోపలి పళ్లెం 3,600 చుట్లు తిరిగిందన్నమాట. అన్ని చుట్లలోనూ జవాబు రాలేదంటే డిస్కు కాస్త బిజీగా ఉందని సరిపెట్టుకోలేం.

మరి లోపల ఏం జరుగుతుంటుంది? ఎక్కువసార్లు జరిగేది ఇదీ. డిస్కు ఒక సెక్టార్, అంటే పళ్లెం మీద ఒక చిన్న ముక్క, చదువుతుంది, అందులోని తప్పుల్ని సరిదిద్దే కోడ్ లెక్క కుదరదు. ఇంకో చుట్టు తిరిగొచ్చేదాకా ఆగి మళ్లీ చదువుతుంది. కుదరదు. హెడ్‌ను వెంట్రుకవాసి అటు జరిపి చదువుతుంది, ఇటు జరిపి చదువుతుంది. ఇంకా గట్టి లెక్కలు వేసి చూస్తుంది. ఇంట్లో వాడే కంప్యూటర్ డిస్కుకు ఈ పట్టుదల మంచిదే. ఆ ఫోటో, ఆ ఉత్తరం ఇంకెక్కడా లేకపోవచ్చు, ఎలాగైనా రాబట్టాలి. అందుకే కొన్ని డెస్క్‌టాప్ డిస్కులు ఒక్క సెక్టార్ కోసం 2 నిమిషాల దాకా పెనుగులాడతాయి. అంటే అదే చోటును 14,400 సార్లు హెడ్ కిందినుంచి పోనిస్తాయి. ఆ పెనుగులాటలో ఉండగా ఎవరు పిలిచినా పలకవు.

డిస్కుల శ్రేణిలో సంగతి వేరు. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ అనే ముగ్గురు రెయిడ్ గురించి ఒక పత్రం రాశారు. చవకైన చిన్న డిస్కుల్ని చాలా కలిపి, కొంత అదనపు సమాచారం వాటి మీదే రాసిపెట్టుకుంటే, ఒక డిస్కు పోయినా మిగతావాటి నుంచి లెక్కగట్టి రాబట్టుకోవచ్చని చెప్పారు. ఇప్పటి సర్వర్లలో కనిపించే రెయిడ్ 5, రెయిడ్ 6 అదే దారిలోవి. ఇలాంటి శ్రేణిలో ఒక డిస్కు మొండిపట్టు పట్టనక్కర్లేదు. "ఈ సెక్టార్ నాకు రావడం లేదు" అని త్వరగా ఒప్పేసుకుంటే చాలు. రెయిడ్ దాన్ని మిగతా డిస్కుల నుంచి కట్టి పైకి అందిస్తుంది, కట్టినదాన్ని ఆ డిస్కు మీదే తిరిగి రాస్తుంది. అలా రాసేటప్పుడు ఆ చోటు నిజంగానే పాడైందని తేలితే, డిస్కు తన దగ్గర దాచిపెట్టుకున్న మంచి సెక్టార్‌ను దాని బదులు వాడుకుంటుంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనకు ఇదేమీ తెలియను కూడా తెలియదు.

సర్వర్లకీ, నెట్‌వర్కు మీద ఫైళ్లు పంచే నాస్ పెట్టెలకీ చేసే డిస్కుల్లో అందుకే ఈ పెనుగులాటకు ఒక హద్దు పెడతారు. మామూలుగా 7 సెకన్లు. వెస్టర్న్ డిజిటల్ దాన్ని టీఎల్ఈఆర్ అంది, సీగేట్ ఈఆర్‌సీ అంది, శాంసంగ్, హిటాచీ సీసీటీఎల్ అన్నాయి. పేరేదైనా పని ఒకటే. 7 సెకన్లలో డిస్కు చేతులెత్తేస్తుంది, పైవాడి ఓపిక 30 సెకన్లు. కిందివాడి గడువు పైవాడి గడువు కన్నా తక్కువ ఉండాలి. నన్నడిగితే శ్రేణి ఆరోగ్యంలో సగం ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

చవగ్గా వస్తోంది కదా అని సర్వర్‌లో డెస్క్‌టాప్ డిస్కులు పెట్టారనుకోండి, ఈ లెక్క తిరగబడుతుంది. డిస్కు 2 నిమిషాలు పెనుగులాడుతూనే ఉంటుంది, లినక్స్‌కు 30వ సెకనులో ఓపిక అయిపోతుంది. లాగ్‌లో "అటెంప్టింగ్ టాస్క్ అబార్ట్" అని పడుతుంది, అంటే ఆ పని వదిలెయ్ అని డిస్కుకు చెప్పడం. డిస్కు వినిపించుకోదు. అప్పుడు లినక్స్ ఆ డిస్కును రీసెట్ చేస్తుంది. లొంగకపోతే టార్గెట్‌ను, తర్వాత బస్‌ను, అదీ కాకపోతే కంట్రోలర్ కార్డునే రీసెట్ చేస్తుంది. ఆఖరికి ఆ డిస్కును ఆఫ్‌లైన్ అని పక్కన పెట్టేస్తుంది. ఒక్క సెక్టార్ చదవలేకపోయిన డిస్కు, కొన్ని టెరాబైట్ల మంచి సమాచారంతో సహా శ్రేణిలోంచి బయటపడిపోయిందన్నమాట. "చదవలేను" అని ఒక్క మాట అని ఉంటే శ్రేణి తనంతట తనే సరిచేసుకునేది.

ఇందులో అసలు మోసం కంట్రోలర్ రీసెట్ దగ్గర ఉంది. ఒక కార్డు మీద 8 డిస్కులుంటే, ఒకదాని కోసం కార్డును రీసెట్ చేసినప్పుడు మిగతా ఏడింటి పనులూ మధ్యలో తెగుతాయి. లాగ్‌లో అన్నిటి పేర్లూ ఎక్కుతాయి. అమెరికా పశ్చిమ తీరంలో మధ్యాహ్నం అయ్యేసరికి హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటి ఉంటుంది. నైట్ షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడికి ఫోను మోగుతుంది, తెర తెరిచి చూస్తే 8 డిస్కులు ఎర్రగా ఉంటాయి. ఒకే నిమిషంలో 8 డిస్కులు చెడిపోవు. అలా కనిపించిందంటే రెండే దారులు. అవి అన్నీ పంచుకునే వస్తువు ఏదో, అంటే కార్డో, కేబులో, బ్యాక్‌ప్లేనో, పవర్ సప్లయో పోయింది. లేదా ఒక్క డిస్కు మిగతావాటిని లాక్కుపోయింది. తేల్చుకోవడానికి లాగ్‌ను కింద నుంచి పైకి చదవడం మానేసి, మొట్టమొదటి ఫిర్యాదు దగ్గరికి వెళ్లాలి. 30 సెకన్ల గడువు దాటాకే ఆ ఫిర్యాదు పడింది కాబట్టి, అసలు కథ దానికన్నా అర నిమిషం ముందు మొదలైంది. ఆ అర నిమిషంలో ఇంకేం జరిగిందో చూడండి. బ్యాకప్ మొదలైందా, యూపీఎస్ మారిందా, ఎవరైనా ర్యాక్ తలుపు తీశారా.

ఇక డిస్కునే అడగాలి. స్మార్ట్ అని ఒక ఏర్పాటుంది. డిస్కు తన గురించి తాను రాసుకునే డైరీ లాంటి పట్టిక. దాన్ని చదవడానికి లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రాం వాడతారు. పట్టికలో చాలా వరసలుంటాయి. సాటా డిస్కయితే నా కళ్లు ముందు వెళ్లేది రెండింటి మీదికి: 197, 199.

197వ వరస, చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల లెక్క. ఇది సున్నా కాకపోతే పళ్లెం మీద నిజంగానే ఏదో ఉంది. దాని తోడు 5వ వరస, ఇప్పటికే బదులు వాడేసిన సెక్టార్ల లెక్క. నిన్న 8, ఇవాళ 40, ఎల్లుండికి 300 అని 5వ వరస పెరుగుతూ పోతుంటే ఆ డిస్కుకు కొత్తది ఆర్డర్ పెట్టేయండి, వాదన అక్కర్లేదు.

199 పూర్తిగా వేరే కథ చెబుతుంది. డిస్కుకీ కంట్రోలర్‌కీ మధ్య దారిలో సమాచారం చెడిపోయిన సందర్భాల లెక్క అది. పళ్లెం బాగుంది, హెడ్ బాగుంది, దారి బాగోలేదు. కేబుల్ మలుపు దగ్గర నలిగి ఉండొచ్చు, కనెక్టర్‌లో దుమ్ము చేరి ఉండొచ్చు. ఈ అంకె ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదు, కేబుల్ మార్చినా పాత లెక్క అలాగే ఉంటుంది. కాబట్టి 199 ఎంత ఉందన్నది ముఖ్యం కాదు, కేబుల్ మార్చాక కూడా పెరుగుతోందా అన్నది చూడాలి. ఇది తెలియక, ఎప్పుడో ఏడాది కింద నలిగిన కేబుల్ పాపానికి మంచి డిస్కుల్ని పారేసినవాళ్లున్నారు.

అనుమానం తీరకపోతే ఒక పాత పద్ధతి ఉంది. అనుమానమున్న డిస్కును ఇంకో స్లాట్‌లోకి మార్చి చూడండి. టైమౌట్ డిస్కు వెంట వెళ్తే డిస్కుదే తప్పు. పాత స్లాట్ దగ్గరే ఉండిపోతే తప్పు బ్యాక్‌ప్లేన్‌దో కేబుల్‌దో. ఒక్క షరతు. శ్రేణి పూర్తి ఆరోగ్యంతో ఉన్నప్పుడే, యంత్రం ఆపి, ఈ పని చేయాలి. ఇప్పటికే ఒక డిస్కు లేకుండా కుంటుతున్న రెయిడ్ 5లో ఇంకో డిస్కును కదిలించడం కోరి కొరివితో తల గోక్కోవడమే.

స్మార్ట్ పట్టిక శుభ్రంగా ఉంది కాబట్టి డిస్కు బాగుందని కూడా అనుకోవద్దు. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ సంస్థలోని డిస్కుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. స్కాన్‌లో మొదటి లోపం బయటపడ్డ డిస్కు ఆ తర్వాత 60 రోజుల్లో పోయే అవకాశం, ఏ లోపమూ లేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే అధ్యయనంలో, పోయిన డిస్కుల్లో 56 శాతం ప్రధానమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటి కూడా చూపకుండానే పోయాయి. పట్టిక చెడు చెబితే నమ్మండి, మంచి చెబితే సగం నమ్మండి.

కొన్ని టైమౌట్లకు జవాబు గోడమీది క్యాలెండర్‌లో దొరుకుతుంది. డెబియన్ లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ పెట్టుకుంటే, ప్రతి నెలా మొదటి ఆదివారం, శనివారం అర్ధరాత్రి దాటిన 57 నిమిషాలకు, శ్రేణి మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి సరిచూసే పని దానంతట అదే మొదలయ్యేలా ఏర్పాటు ఉండేది. అది మంచి అలవాటే, నిద్రపోతున్న చెడ్డ సెక్టార్లను లేపేది అదే. కానీ అదే సమయానికి వారాంతపు బ్యాకప్ కూడా పెట్టుకున్నవాళ్లకు సోమవారం ఉదయం లాగ్ నిండా ఫిర్యాదులు. బ్యాటరీ ఉన్న రెయిడ్ కార్డుల్లో ఇంకో తమాషా ఉంది. బ్యాటరీ సత్తువ ఎంతుందో చూసుకోవడానికి కార్డు కొన్నాళ్లకోసారి దాన్ని పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ నింపుతుంది. ఆ కొన్ని గంటలూ బ్యాటరీ మీద నమ్మకం ఉండదు కాబట్టి, రాతలను తన మెమరీలో దాచుకోవడం మానేసి నేరుగా డిస్కు మీదికి పంపుతుంది. అప్పటిదాకా చురుగ్గా ఉన్న డేటాబేస్ ఉన్నట్టుండి ఈడిగిలపడుతుంది. ఎవరూ ఏమీ మార్చలేదు, మర్నాటికి అంతా మామూలే. ఇలాంటివి పట్టుకోవాలంటే టైమౌట్ వచ్చిన వారం, గంట, నిమిషం ఒక కాగితం మీద రాసుకుంటూ పోవాలి. రెండు మూడు సార్లు రాసేసరికి వరస కనిపిస్తుంది.

కొన్నిసార్లు డిస్కు రకంలోనే చిక్కు ఉంటుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ రకంలో 2 నుంచి 6 టెరాబైట్ల డిస్కులు కొన్నింటిలో షింగిల్డ్ రికార్డింగ్ వాడినట్టు ఒప్పుకుంది. రెడ్ అంటే నాస్ పెట్టెల కోసమని అమ్మే డిస్కులు. షింగిల్డ్ పద్ధతిలో ట్రాకులు ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, అందువల్ల మధ్యలో ఒక ట్రాక్ మార్చాలంటే పక్కవాటిని కూడా తిరగరాయాలి. అప్పుడప్పుడు కొంచెం రాసేవాడికి ఇది తెలియదు. శ్రేణిలో కొత్త డిస్కును నింపేటప్పుడు మాత్రం గంటల తరబడి ఆగకుండా రాయాలి. డిస్కు తన లోపలి సర్దుబాట్లలో మునిగి పలకడం మానేస్తుంది, శ్రేణి దాన్ని చచ్చిందనుకుంటుంది. ఆ వివాదం తర్వాత పాత పద్ధతి డిస్కులను రెడ్ ప్లస్ అనే పేరుతో వేరుగా అమ్మడం మొదలుపెట్టారు. డిస్కులు కొనేటప్పుడు ధర ముందు కాదు, రికార్డింగ్ పద్ధతి ముందు అడగండి.

ఇప్పుడు గ్రెగ్ అరుపు దగ్గరికి వద్దాం. ఈనాటి పెద్ద డిస్కులో ఒక ట్రాక్ వెడల్పు 100 నానోమీటర్ల లోపే. అంత సన్నటి గీత మీద హెడ్ నిలబడాలి. కింద పళ్లెం తిరుగుతూ ఉంటుంది, పక్కన ఫ్యాన్లు గిర్రుమంటుంటాయి. కాస్త అదిరినా హెడ్ గీత దాటుతుంది, దాటితే రాయడం ఆపి మళ్లీ కుదురుకోవాలి. మనిషి అరుపుకే ఇలా ఉంటే ఇంకా పెద్ద చప్పుడుకు ఏమవుతుందో 2016 సెప్టెంబరులో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో తెలిసింది. ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్‌లో మంటలార్పే ఏర్పాటును పరీక్షిస్తున్నారు. నీళ్లు వాడితే యంత్రాలు పాడవుతాయని జడవాయువు వాడతారు. గొట్టాల్లోంచి ఆ వాయువు ఒక్కసారిగా దూసుకొచ్చిన చప్పుడు 130 డెసిబెళ్లు దాటింది. మంట లేదు, నీరు లేదు, ఆ చప్పుడికే డిస్కులు దెబ్బతిన్నాయి. బ్యాంకు కార్డులూ, ఏటీఎంలూ, ఇంటర్నెట్ సేవలూ సుమారు 10 గంటలు ఆగిపోయాయి.

ఇంత ఆర్భాటం లేకుండా కూడా జరుగుతుంది. 2018లో ఫాస్ట్ అనే స్టోరేజీ సదస్సులో ఒక పత్రం వచ్చింది. 12 సంస్థల నుంచి సేకరించిన 101 ఘటనలు అందులో ఉన్నాయి. అన్నిటికీ సామ్యం ఒకటే: పరికరం పోలేదు, నెమ్మదించింది. అందులో ఒక ఘటనలో, సర్వర్‌లో ఒక ఫ్యాను చచ్చిపోయింది. వేడి పెరక్కుండా మిగతా ఫ్యాన్లు పూర్తి వేగం అందుకున్నాయి. ఆ అదురుకు డిస్కులు మందగించాయి. డిస్కుల్ని ఎన్నిసార్లు మారిస్తే మాత్రం ఏం లాభం చెప్పండి.

నెమ్మదించిన డిస్కు చచ్చిన డిస్కు కన్నా ప్రమాదకారి అని నా అభిప్రాయం. చచ్చిన డిస్కును శ్రేణి పక్కన పెట్టి ముందుకు పోతుంది. నెమ్మదించినది 7 సెకన్ల లోపే జవాబిస్తూ, 30 సెకన్ల గీత ఎప్పుడూ దాటకుండా, అందరినీ తన వేగానికి దించుతుంది. చదవాల్సిన సమాచారం నాలుగు డిస్కుల మీద పరుచుకుని ఉంటే, ఆఖరిది వచ్చేదాకా మొదటి మూడూ వేచి ఉండాల్సిందే. దీన్ని పట్టడానికి లినక్స్‌లో ఐఓస్టాట్ అనే ప్రోగ్రాం చాలు. ఒకే రకం, ఒకే వయసు డిస్కులను పక్కపక్కన పెట్టి సగటు నిరీక్షణ సమయం చూడండి. అన్నీ 9, 10 మిల్లీసెకన్ల దగ్గరుంటే ఒక్కటి 180 చూపిస్తోందా? ఎర్ర లైటు వెలగనక్కర్లేదు, దొంగ దొరికాడు.

కదిలే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఈ బాధలన్నీ తీరతాయనుకున్నారు. అదురుడు బాధ తీరింది నిజమే, కానీ కొత్త బాధలు వచ్చాయి. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ ఒక హెచ్చరిక జారీ చేసింది. తమ సర్వర్లలోని కొన్ని రకాల ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక పూర్తిగా పోతాయి, అందులోని సమాచారం కూడా తిరిగి రాదు, వెంటనే ఫర్మ్‌వేర్, అంటే డిస్కు లోపల నడిచే ప్రోగ్రాం, మార్చుకోండి అని. 32,768 గంటలంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. 2ను 15 సార్లు హెచ్చిస్తే వచ్చే అంకె అది. శ్రేణిలోని డిస్కులన్నీ ఒకే రోజు పెట్టి ఒకే స్విచ్చుతో వెలిగించి ఉంటే, అన్నీ ఒకే గంటలో పోతాయి. రెయిడ్ 6 కాదు కదా, ఏ రెయిడూ ఆదుకోదు. అంతకుముందు క్రూషియల్ ఎం4 అనే ఎస్‌ఎస్‌డీలో 5,184 గంటలు దాటాక ఇలాంటి చిక్కే వచ్చింది. అది పలకడం మానేసేది, మళ్లీ ఆన్ చేస్తే గంట పనిచేసి మళ్లీ మానేసేది. 2012 జనవరిలో కొత్త ఫర్మ్‌వేర్‌తో సరిచేశారు. వేళ పట్టి వచ్చే టైమౌట్ కనిపిస్తే, స్మార్ట్ పట్టికలో 9వ వరస, నడిచిన గంటల లెక్క, ఒకసారి చూడండి.

ఇక అందరూ ముందు అడిగే చికిత్స: గడువు పెంచేస్తే పోదా? కొన్నిచోట్ల పెంచడమే సరైన పని. వర్చువల్ యంత్రాల్లో డిస్కు అనేది నిజానికి నెట్‌వర్కు అవతల ఉన్న పెద్ద స్టోరేజీ. అక్కడ ఒక కంట్రోలర్ పోయి రెండోది బాధ్యత తీసుకోవడానికి నిమిషం పట్టినా తప్పులేదు. వీఎంవేర్ టూల్స్ లినక్స్ యంత్రాల్లో ఈ గడువును 180 సెకన్లకు మార్చేది అందుకే. అమెజాన్ క్లౌడ్ కూడా తన ఎన్‌వీఎంఈ డిస్కుల గడువును వీలైనంత ఎక్కువ పెట్టుకోమనే చెబుతుంది. కానీ మీ కళ్లముందున్న పెట్టెలో, సొంత డిస్కులతో ఉన్న శ్రేణిలో గడువు పెంచితే, జబ్బు అలాగే ఉండి థర్మామీటరు మాత్రం పగులుతుంది. అక్కడ చేయాల్సింది డిస్కు గడువు తగ్గించడం. స్మార్ట్‌సీటీఎల్‌తోనే ఎస్‌సీటీ ఈఆర్‌సీ అనే అమరికను చదవడానికి 70, రాయడానికి 70 అని పెడతారు. సెకనులో పదో వంతు లెక్కన 70 అంటే 7 సెకన్లు. డిస్కు ఆ అమరికను ఒప్పుకోకపోతేనే, గత్యంతరం లేక, లినక్స్ వైపు గడువును 180కి పెంచాలి. కొన్ని డిస్కులు కరెంటు పోయి వస్తే ఈ అమరికను మర్చిపోతాయి. బూట్ స్క్రిప్టులో రాసి, ఒకసారి పవర్ పూర్తిగా తీసి వేసి, మళ్లీ అడిగి చూడండి.

చివరికి డిస్కే దోషి అని తేలిందనుకోండి. రెయిడ్ 5లో దాన్ని తీసేశాక కొత్తదాన్ని నింపాలంటే మిగిలిన డిస్కులన్నిటినీ అంచు నుంచి అంచు దాకా చదవాలి. ఏళ్లుగా ఎవరూ ముట్టుకోని చోట్ల దాక్కున్న చెడ్డ సెక్టార్లు ఆ రాత్రే బయటపడతాయి, ఆదుకోవడానికి మాత్రం ఇంకో డిస్కు ఉండదు. కాబట్టి ముందు బ్యాకప్‌లోంచి ఒక ఫైలు నిజంగా వెనక్కి తెచ్చి చూసుకోండి. తర్వాత ఖాళీ స్లాట్ ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే పాతదాన్ని తీయకుండానే కొత్తదాన్ని పక్కన పెట్టి, లినక్స్ రెయిడ్‌లో రీప్లేస్ అనే పద్ధతి వాడొచ్చు. కుంటుతున్న డిస్కు చదవగలిగినంతా తనే ఇస్తుంది, చదవలేనిది మాత్రమే మిగతావాటి నుంచి కట్టుకుంటారు. ఆ పని పూర్తయ్యేదాకా శ్రేణికి రక్షణ తగ్గదు.

తీసేముందు సీరియల్ నంబరు చూడండి. లాగ్‌లో ఎస్‌డీఎఫ్ అని ఉన్నది ఆరో స్లాట్ అనుకుని లాగేస్తే, రీబూట్లతో ఆ అక్షరాలు మారిపోయి ఉండొచ్చు. స్లాట్ లైటు వెలిగించే సౌకర్యం ఉంటే వెలిగించి, పైనున్న లేబుల్‌తో సరిచూసి, అప్పుడు తీయండి. తీసిన డిస్కు మీద తేదీ, స్లాట్ నంబరు, ఆఖరుగా చూసిన 197, 199 అంకెలు ఒక చీటీ మీద రాసి అంటించి బీరువాలో పెట్టండి. వచ్చే నెల అదే స్లాట్‌లో కొత్త డిస్కు కూడా పలక్కపోతే, బ్యాక్‌ప్లేన్ మార్చమని పైవాళ్లను ఒప్పించడానికి పనికొచ్చేది ఆ చీటీయే.